అది నిజంగా డోమియే బొమ్మేనా? పాత ఫ్రెంచి వ్యంగ్యచిత్రాన్ని ఇంట్లోనే పరీక్షించి, చదువుకోవడం ఎలా

పారిస్ వెళ్ళొచ్చినవాళ్ళు నాకు పంపే ఫొటోలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సీన్ నది ఒడ్డున ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర కొన్న పసుపెక్కిన కాగితం, అందులో పొడుగు టోపీ పెట్టుకున్న బొజ్జమనిషి, కింద రెండు వరుసల ఫ్రెంచి, అద్దం మీద ట్యూబులైటు మెరుపు. వెంట రెండు ప్రశ్నలు: "ఇది అసలుదేనా?", "ఇందులో నవ్వాల్సింది ఏముంది?"

ఫొటో చూసి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ణి నమ్మకండి, నన్ను కూడా. కాగితం మీ చేతిలో ఉంది కాబట్టి తేల్చగలిగింది మీరే. అరగంట సమయం, ఒక భూతద్దం ఉంటే చాలు.

నేను చెప్పేది 1830 నుంచి 1870 దాకా పారిస్ పత్రికల్లో వచ్చిన లితోగ్రాఫుల గురించి. ఒనోరే డోమియే (1808–1879) ఒక్కడే నాలుగు వేలకు దగ్గరగా గీశాడు. గవార్నీ, షామ్, త్రావియేస్ లాంటివాళ్ళ బొమ్మలకూ ఈ పద్ధతే పనికొస్తుంది.

ముందు తెలియాల్సింది ఇంతే

లితోగ్రాఫ్ అంటే రాతి అచ్చు. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా పూస్తే, సిరా జిడ్డున్న చోటే అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. చెక్కే పని లేదు కాబట్టి బొమ్మ త్వరగా తయారవుతుంది. రోజుకొక కొత్త బొమ్మ ఇస్తామని మాటిచ్చిన 'ల షారివారి' పత్రిక నడిచింది ఈ వేగం వల్లే. షార్ల్ ఫిలిపోన్ ఆ పత్రికను 1832 డిసెంబరులో మొదలుపెట్టాడు. మన ఇళ్ళలో తాతల నాటి గోడల మీద ఉండే రవివర్మ ప్రెస్సు దేవుళ్ళదీ ఇదే రాతి అచ్చు కుటుంబం; కాకపోతే అక్కడ ఒక్కో రంగుకు ఒక్కో రాయి.

1835 సెప్టెంబరులో వచ్చిన చట్టంతో ఏ బొమ్మనైనా అచ్చుకు ముందే ప్రభుత్వానికి చూపించి అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. రాజుగారి ముఖాన్ని బేరిపండులా గీసే రోజులు అయిపోయాయి. చిత్రకారులు వకీళ్ళ మీదికీ, ఇంటి యజమానుల మీదికీ, మొగుడూపెళ్ళాల మీదికీ, ఈత రాని ఈతగాళ్ళ మీదికీ మళ్ళారు. మీ చేతిలో ఉన్న బొజ్జమనిషి బహుశా అలా వచ్చినవాడే.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం. నగల పనివాళ్ళు కంటికి పెట్టుకుని చూసేది చక్కగా పనికొస్తుంది. పిల్లలు ఆడుకునే పెద్ద గుండ్రటి అద్దం చాలదు.
- మిల్లీమీటర్లు ఉన్న స్కేలు.
- కిటికీ పక్కన బల్ల, పగటి వెలుగు. పక్కనుంచి వేయడానికి ఒక టార్చిలైటు.
- బొమ్మ కంటే పెద్దదైన శుభ్రమైన తెల్లకాగితం.
- పెన్సిలు. బల్ల మీద పెన్ను అసలు ఉండకూడదు, కాఫీ కప్పు కూడా.
- పోల్చి చూడటానికి ఇవాళ్టి దినపత్రికలోని ఒక ఫొటో. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

1. ఫ్రేములోంచి బయటికి తీయండి, కానీ దేన్నీ పీకకండి

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. అద్దం వెనక ఉన్న బొమ్మ మీద ఏ పరీక్షా సరిగా సాగదు, కాబట్టి ఫ్రేము విప్పాల్సిందే. వెనక మేకులు నెమ్మదిగా తీసి, బొమ్మను తెల్లకాగితం మీద పరవండి.

కాగితం అట్టకు అతికించి ఉంటే అక్కడే ఆగండి. నేను ఒకసారి పాత టేపు ముక్కను గోటితో లాగాను; టేపుతో పాటు కాగితం పైపొర కూడా వచ్చేసింది. ఆ తెల్లటి మచ్చ ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది. అతుకు ఊడదీయడం కాగితపు మరమ్మతు తెలిసినవాళ్ళ పని. అతికించి ఉన్నవాళ్ళు రెండో మెట్టు వదిలేసి మూడుకు వెళ్ళండి.

2. బొమ్మ చూడకముందు వెనక్కి తిప్పండి

అందరూ ముందు సంతకం వెతుకుతారు. నేను ముందు వీపు చూస్తాను. 'ల షారివారి' నాలుగు పేజీల పత్రిక. బొమ్మ మూడో పేజీలో పడేది, దాని వెనక నాలుగో పేజీ అచ్చు ఉండేది. కాబట్టి వెనక్కి తిప్పగానే ఫ్రెంచి కాలమ్‌లు, ప్రకటనలు కనిపిస్తే సంతోషించండి. అది పత్రికలోంచి వచ్చిన కాగితం అనడానికి మంచి గుర్తు. వెనక అక్షరాలు ముందుకు మసకగా కనిపించడం ఆ కాగితపు స్వభావం, లోపం కాదు. "వెనకంతా ఏదో అచ్చు ఉంది, పాడైన కాపీ అంటగట్టారు" అని బాధపడుతూ రాసినవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ఇప్పుడు టార్చిని బల్లకు దాదాపు సమాంతరంగా పట్టి పక్కనుంచి వెలుగు వేయండి. సీసపు అక్షరాలు కాగితాన్ని కొద్దిగా నొక్కి ఉంటాయి. ఆ నొక్కులు నీడలుగా కనిపించాలి. అక్షరాలు ఉండి, కాగితం మాత్రం అద్దంలా చదునుగా ఉంటే అనుమానించండి.

వెనక ఖాళీగా ఉందా? అప్పుడు రెండు దారులు. అది మంచి తెల్లకాగితం మీద సేకరణ చేసుకునేవాళ్ళ కోసం విడిగా తీసిన ప్రతి కావచ్చు. వ్యాపారులు దీన్ని 'సుర్ బ్లాన్' అంటారు, అంటే తెల్లదాని మీద అని. అచ్చు బాగుంటుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. లేదా తర్వాతి కాలంలో ఎవరో పుస్తకం కోసం, గోడ కోసం తీసిన నకలు కావచ్చు. ఏదన్నది భూతద్దం చెబుతుంది.

3. బూడిదరంగు మీద భూతద్దం పెట్టండి

ఈ ఒక్క మెట్టూ నిదానంగా చేయండి, మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు దినపత్రిక ఫొటో మీద భూతద్దం పెట్టండి. చుక్కలు, వరుసలో నిలబడ్డ చుక్కలు. ఇప్పుడు మీ బొమ్మలో బాగా నల్లగా ఉన్న కోటునూ తెల్లటి ఆకాశాన్నీ వదిలేసి, బుగ్గ కింది నీడనో గోడ మీది బూడిదరంగునో వెతకండి. భూతద్దాన్ని కంటికి ఆనించి, కాగితానికి దగ్గరగా వంగండి. ముక్కు తగలకుండా.

పలక మీద బలపాన్ని పక్కకు వాల్చి రుద్దినప్పుడు ఏమవుతుందో గుర్తుందా? పలక గరుకు మిట్టల మీద తెలుపు అంటుతుంది, గుంటల్లో అంటదు. అసలు లితోగ్రాఫ్ సరిగ్గా అలాగే ఉంటుంది, తెలుపు బదులు నలుపు. చిన్నాపెద్దా ముక్కలు, వంకర అంచులు, ఏ రెండూ ఒకేలా ఉండవు, ఏవీ వరుసలో నిలబడవు. సుద్ద గట్టిగా నొక్కినచోట ముక్కలు కలిసిపోయి నల్లబడతాయి. తేలికగా పోయినచోట విడివిడిగా చెదురుతాయి. చిత్రకారుడి చెయ్యి ఎక్కడ బరువు పెట్టిందో, ఎక్కడ వదిలిందో కూడా తెలుస్తుంది.

మీకు కనిపించేవాటిని ఇలా అర్థం చేసుకోండి:

- గళ్ళలో పేర్చినట్టు వరుస చుక్కలు: ఫొటో తీసి అచ్చేసిన నకలు. ఇక్కడితో పరీక్ష ముగిసింది. ఫ్రేము మళ్ళీ బిగించి గోడకు పెట్టుకోండి, బొమ్మ బొమ్మే కదా.
- ఎండిన చెరువు అడుగు మట్టి నెర్రెల్లాంటి సన్నటి వంకర అల్లిక: కొలోటైపు అనే ఫొటో పద్ధతి. ఇది మోసం చేస్తుంది, ఎందుకంటే చుక్కలు ఉండవు. ఇంకా ఎక్కువ శక్తి గల అద్దంతో, రెండు మూడు చోట్ల చూడండి.
- బలపం గరుకు, కానీ అంచులు కోసినట్టు గట్టిగా, వెనక కాగితం కాస్త ఉబ్బినట్టు: జిల్లోతాజ్. ఫిర్మాన్ జిల్లో 1850లో తెచ్చిన పద్ధతి ఇది, రాతి మీది బొమ్మను జింకు పలక మీదికి మార్చి ఉబ్బెత్తు అచ్చుగా తీస్తారు. 1870 ప్రాంతం నుంచి పత్రికే ఈ పద్ధతికి మారింది. కాబట్టి డోమియే చివరి ఏళ్ళ బొమ్మ ఇలా ఉంటే అది నకలు కాదు, పత్రికలో వచ్చిన రూపమే అది.

రంగులున్న బొమ్మ అయితే రంగు మీద కూడా అద్దం పెట్టండి. ఆనాటి రంగులు కుంచెతో చేత్తో వేసినవి. గీత దాటి కాస్త బయటికి పోతాయి, ఒక్కోచోట జిగురు పూసిన మెరుపు ఉంటుంది. రంగులో చుక్కలు ఉంటే నకలు. చుక్కలు లేనంత మాత్రాన ఆనాటి రంగు అనీ కాదు. నలుపు తెలుపు అచ్చుకు తర్వాత ఎవరో రంగులు పూసి అమ్మడం మామూలే. నా మటుకు నేను రంగు లేనిదే కొంటాను.

4. అంచులు చదవండి

బొమ్మ పైన మధ్యలో వరుస పేరు ఉంటుంది, అంటే ధారావాహిక శీర్షిక. కుడి మూలన ఒక అంకె. కింద ఒక పక్క ప్రచురణకర్త చిరునామా. ఫ్రెంచిలో నాలుగక్షరాలుండే 'షే' (Chez) అనే మాటతో మొదలవుతుంది, 'ఫలానావారి దగ్గర' అని అర్థం. ఇంకో పక్క 'ఎంప్.' (Imp.) అని కుదించిన మాట, దాని తర్వాత అచ్చువేసినవారి పేరు. వీటి కింద మాటలు.

ఆ కుడి మూల అంకెతోనే ఎక్కువమంది పొరబడతారు. 12 అని ఉంటే "పన్నెండో కాపీ అట, చాలా అరుదైనది" అని మురిసిపోతారు. అది ఆ వరుసలో పన్నెండో బొమ్మ అని మాత్రమే. ఇన్ని కాపీలే తీశాం అని అంకె వేసి అమ్మే అలవాటు అప్పటి పత్రికలకు లేదు.

సంతకం సంగతి. డోమియే బొమ్మలో ఏదో ఒక మూలన 'హెచ్.డి.' అని పొడి అక్షరాలు కనిపిస్తాయి. అవి రాతి మీద గీసినవి, బొమ్మతో పాటే అచ్చయినవి. కింది అంచులో పెన్సిలుతో పూర్తి పేరు రాసి ఉంటే దూరం జరగండి. పెన్సిలు సంతకం తర్వాతి తరాల చిత్రకారుల అలవాటు.

చిరునామా వల్ల కాలం సుమారుగా తెలుస్తుంది. ఈ బొమ్మలు ప్రచురించిన ఒబేర్ సంస్థ 1830లలో గాలరీ వేరో-దోదాలో ఉండేది. 1840లలో ప్లాస్ ద లా బూర్స్, 29 నంబరు. రివోలీ వీధి 172, వివియెన్ వీధి 41 అని మార్తినే అనే ప్రచురణకర్త పేరు ఉంటే ఆ తర్వాతి కాలం.

హెచ్చరిక: ఈ అంచులే బొమ్మకు జన్మపత్రిక. నా దగ్గరున్న ఒక వకీళ్ళ బొమ్మను ఫ్రేము కట్టించడానికి ఇస్తే, ఫ్రేములో 'చక్కగా ఇమడటానికి' దుకాణంవాళ్ళు చుట్టూ రెండు అంగుళాలు కత్తిరించి ఇచ్చారు. చిరునామా పోయింది, వరుస పేరు పోయింది, మాటల్లో కింది వరుస సగం పోయింది. ముక్కలు ఏవని అడిగితే ఊడ్చేశామన్నారు. కాబట్టి ఫ్రేము కట్టేవాళ్ళకు ఇచ్చేముందు 'కత్తెర వద్దు' అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

5. జాబితాలో వెతికి, మిల్లీమీటర్లతో పోల్చండి

లోయీస్ దెల్తేయ్ అనే పండితుడు డోమియే లితోగ్రాఫులన్నిటికీ నంబర్లు వేశాడు. ఆ సంపుటాలు 1925–1930 మధ్య వచ్చాయి. వ్యాపారులు 'ఎల్‌డీ' అని రాసి పక్కన వేసే అంకె అదే. ఇప్పుడు ఆ జాబితాను ముందుకు తీసుకెళ్తున్న డోమియే రిజిస్టర్ ఇంటర్నెట్‌లో ఉచితం. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం సేకరణ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా కూడా ఉచితమే. గాలికాలో 'ల షారివారి' పాత సంచికలే తెరిచి చూడవచ్చు.

వరుస పేరు, అంకె కొడితే మీ బొమ్మ దొరుకుతుంది. దొరికాక బొమ్మ మొత్తాన్ని పోల్చవద్దు. కన్ను 'సరిపోయింది' అనేస్తుంది. మూడు చోట్లు ఎంచుకోండి: పొడి అక్షరాలు ఉన్న చోటు, అంచులో సుద్ద జారిపడ్డ ఏదైనా గీత, కింది మాటల్లో ఒక విరిగిన లేదా వంకర అక్షరం. మూడూ అక్కడే ఉండాలి. తర్వాత బొమ్మ వెడల్పు, ఎత్తు కొలవండి. పాత కాగితం తడికి సాగి, ఎండకు ముడుచుకుని రెండు మూడు మిల్లీమీటర్లు తేడా చూపవచ్చు. సెంటీమీటర్లలో తేడా ఉంటే అది తగ్గించి అచ్చేసిన నకలు.

బొమ్మలో మనిషి ఎడమచేత్తో రాస్తున్నాడని కంగారు పడకండి. రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడుతుంది. అన్ని బొమ్మల్లోనూ చేతులు సరిచేసుకునే తీరిక రోజువారీ పత్రికకు ఉండదు.

"ఆ రాళ్ళతోనే తర్వాత మళ్ళీ అచ్చేసి ఉంటే?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ భయం తక్కువ పెట్టుకోండి. పని అయిపోయిన రాయిని అరగదీసి మరో బొమ్మకు వాడుకునేవాళ్ళు. మీకు ఎదురయ్యే నకళ్ళు దాదాపు అన్నీ ఫొటో పద్ధతివే, వాటిని మూడో మెట్టే పట్టుకుంటుంది.

6. ఇప్పుడు మాటలు మూసి బొమ్మ చూడండి

అసలుదని తేలినా, నకలని తేలినా ఈ మెట్టు అందరిదీ. కింది మాటల మీద ఒక తెల్లకాగితం అడ్డం పెట్టండి. రెండు నిమిషాలు బొమ్మనే చూడండి: ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి, ఎవరి గడ్డం పైకి ఉంది, ఎవరి టోపీ నలిగింది, వెనక ఎవరున్నారు. ఏం జరుగుతోందో మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి. ఆ తర్వాతే అడ్డు తీయండి.

ఇంత తిరకాసు ఎందుకంటే, కింది మాటలు చాలావరకు డోమియేవి కావు. పత్రిక కార్యాలయంలో ఫిలిపోన్, ఇతర రచయితలు రాసేవాళ్ళు. 'రోబేర్ మకేర్' అనే మోసగాడి బొమ్మలకు మాటలు ఫిలిపోన్‌వే. కాబట్టి బొమ్మ చెప్పేది ఒకటి, మాటలు చెప్పేది ఇంకొకటి కావచ్చు. గవార్నీ సంగతి వేరు; అతను తన మాటలు తనే రాసుకునేవాడు, కొన్నిసార్లు బొమ్మ కంటే మాటే పదునుగా ఉంటుంది.

ఒకటి చేసి చూద్దాం. 1844లో డోమియే 'లె బా-బ్లో' అనే నలభై బొమ్మల వరుస గీశాడు. 'నీలి మేజోళ్ళవాళ్ళు' అని. రచనలు చేసే ఆడవాళ్ళను ఎగతాళిగా పిలిచే పేరు అది. అందులో ఒక బొమ్మకు మాటలు మూసి చూస్తే: బల్ల దగ్గర రాతలో మునిగిపోయిన తల్లి, ఇవతల తొట్టిలో తలకిందులుగా పడిన బిడ్డ, పైకి లేచిన కాళ్ళు. ఫోనులో అనువాదం కొడితే 'తల్లి కూర్పు మంటలో, బిడ్డ స్నానపు నీటిలో' లాంటిదేదో వస్తుంది, నవ్వు రాదు. రాస్తూ ఒళ్ళు మరిచిన స్థితిని ఫ్రెంచిలో 'రచన నిప్పులో ఉండటం' అంటారు. ఆవిడ నిప్పులో, బిడ్డ నీళ్ళలో. జోకంతా ఆ నిప్పు–నీరు జంటలో ఉంది. ఆ వెక్కిరింత నాకు నచ్చదు, రాసే ఆడవాళ్ళ మీద మగ పత్రిక వేసిన రాయి అది. ఆ రెండు కాళ్ళు గీసిన గీతను మాత్రం ఎన్నిసార్లైనా చూస్తాను.

అదే వకీళ్ళ వరుస 'లె జాఁ ద జ్యుస్తీస్' (1845–48) తీసుకోండి, పొడుపు విప్పే పనే లేదు. ఓడిపోయిన కక్షిదారుతో వకీలు అంటాడు: "మీరు కేసు ఓడిపోయిన మాట నిజమే... కానీ నా వాదన వింటుంటే మీకు ఎంత ఆనందం కలిగి ఉండాలి!" కోర్టు మెట్లెక్కిన తెలుగువాళ్ళెవరికీ దీనికి వివరణ అక్కర్లేదు.

అనువదించేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- మాటల మధ్య అడ్డగీత వస్తే మాట్లాడే మనిషి మారాడని. గవార్నీ బొమ్మల్లో ఇది చూసుకోకపోతే మొగుడి మాట పెళ్ళాం నోట్లో పడుతుంది.
- మనుషుల రకాల పేర్లను ఫోను తప్పుగా మారుస్తుంది. 'లోరెత్' అంటే మనిషి పేరు కాదు. నోత్ర్-దామ్-ద-లోరెత్ చర్చి పరిసరాల్లో ఉంటూ ప్రియుల డబ్బుతో బతికే అమ్మాయిలకు వచ్చిన పేరు.
- పైన 'ఆక్తువాలితే' అని ఉంటే అది ఆ వారం వార్త మీద వేసిన బొమ్మ. డోమియే రిజిస్టర్‌లో తేదీ చూసుకుని, గాలికాలో ఆ రోజు పత్రిక తెరవండి. తేదీ లేకుండా ఆ జోకు తెరుచుకోదు.

బొమ్మ కొనలేదు, కానీ ఈ మెట్టు చేయాలని ఉందా? పారిస్ నగర మ్యూజియాలు 2020 నుంచి హక్కులు తీరిన బొమ్మల ఫొటోలను ఉచితంగా దించుకోనిస్తున్నాయి. పెద్ద సైజులో దించి, మామూలు కాగితం మీద అచ్చు తీసుకుని చేయండి.

7. దాచడం

లామినేషన్ చేయించకండి. మార్కుల జాబితాలకు చేయించినట్టు దీనికీ చేయిస్తే ఇక ఎప్పటికీ బయటికి రాదు. ఎండలో పెట్టి తెల్లబరచాలని చూడకండి. ఆమ్లం లేని కాగితపు మడతలో, పరుపు కింద కాకుండా బీరువాలో, గోడకు తగలకుండా పరిచి పెట్టండి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్ళు వానాకాలంలో నెలకోసారి తెరిచి బూజు, వెండిపురుగు ఉన్నాయేమో చూసుకోండి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు.

మీరు తేల్చుకున్నవన్నీ, అంటే వరుస పేరు, అంకె, దెల్తేయ్ నంబరు, కొలతలు, వెనక అచ్చు ఉందో లేదో, పెన్సిలుతో ఆ మడత మీద రాయండి, బొమ్మ మీద కాదు. నా కత్తిరించిన వకీలు మడత మీద వీటితో పాటు ఇంకో వరుస కూడా ఉంది: 'అంచులు దుకాణంలో పోయినవి, పారిస్‌లో కాదు.'